మీ ఊరు ఏ వైపు?

పోయిన వారం మా చిన్నమ్మ కువైట్ కథ రాస్తే ఇన్‌బాక్సులో చాలామంది ఒకటే అడిగినారు. "అన్నా, జపాన్ సంగతి ఏంది? పొయ్యేదా, వద్దా?" అడిగినోళ్ళలో నర్సింగ్ పిల్లలున్నారు, డిప్లొమా చేసి శ్రీసిటీ బస్సెక్కుతున్న పిల్లోళ్ళున్నారు, డిగ్రీ అయిపోయి ఎస్సీ హాస్టల్ ఖాళీ చేసి స్నేహితుడి రూములో సర్దుకుంటున్నోళ్ళున్నారు. ఒక్క కామెంటులో తేలే సంగతి కాదు. ఏడాదిన్నరగా ఒక అమ్మాయి వెనకాల నేనూ ఆ దారిలో తిరిగినాను. ఆధార్ సెంటరు, పాస్‌పోర్టు ఆఫీసు, కోచింగ్ సెంటరు, జిరాక్సు అంగడి. ఆమె పేరు రాయను, ఊరు రాయను, మండలం కూడా రాయను. "నా కత రాయన్నా, అడ్రసు మాత్రం వద్దు" అనింది. ఈ భాగమంతా ఆ అడ్రసు గురించే.

మన జిల్లాకు జపాన్ కొత్తేమీ కాదు. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు శ్రీసిటీ వచ్చినాక ఇసుజు, కొబెల్కో, డైకిన్ వచ్చినాయి. 2016లో ఇసుజు పికప్ బండ్లు అక్కడినుంచే రోడ్డెక్కినాయి. 2023లో డైకిన్ ఏసీల ఫ్యాక్టరీ తెరిచినారు. ఆ చుట్టుపక్కల పిల్లోళ్ళకు కైజెన్, 5ఎస్ అనే మాటలు మనకు గోవిందనామం వచ్చినంత సులువుగా వచ్చు. 5ఎస్ అంటే అయిదు జపాన్ మాటలు. అక్కర్లేనిది తీసెయ్, ఉన్నదాన్ని చోటున పెట్టు, శుభ్రం చెయ్, ఇట్లా. మూడోది 'సెయిసో', అంటే శుభ్రం చేయడం. దాని అసలు అర్థం, ఎవరు పనిచేసే చోటును వాళ్ళే ఊడ్చుకోవాలని. ఒక ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేసే మావాడు నవ్వుతా చెప్పినాడు: "నాలుగు ఎస్‌లు మేమే చేస్తామన్నా. మూడో ఎస్ వచ్చేసరికి కాంట్రాక్టు ఆడోళ్ళను పిలుస్తారు. వాళ్ళంతా మన వాడోళ్ళే." ఈ సెయిసో అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు జరుగుతున్నది వేరే. జపాన్ వాళ్ళు ఇక్కడికి వచ్చి ఫ్యాక్టరీ పెట్టడం కాదు, మనోళ్ళను అక్కడికి తీసుకుపోవడం. జపాన్‌లో ప్రతి పదిమందిలో దగ్గర దగ్గర ముగ్గురు 65 ఏళ్ళు దాటినోళ్ళు. ముసలోళ్ళను చూసుకునే మనుషులు 2040 నాటికి 2022లో ఉన్నోళ్ళకంటే ఇంకా 5 లక్షల 70 వేల మంది కావాలని వాళ్ళ ప్రభుత్వమే లెక్క కట్టింది. అందుకే 2019 ఏప్రిల్‌లో 'తొకుతే గినో' అని కొత్త వీసా తెచ్చినారు. నిర్దిష్ట నైపుణ్యం ఉన్న పనివాళ్ళ వీసా అన్నమాట. 2021 జనవరిలో ఇండియాతో దాని మీద ఒప్పందం అయింది. 2025 ఆగస్టులో మోదీ టోక్యో పోయినప్పుడు అయిదేళ్ళలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు, అందులో ఇండియా నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్న పనివాళ్ళు అని ప్రకటించినారు. ఆ ప్రకటన పేపర్లో పడిందో లేదో, తిరుపతి గోడల మీద "జపాన్‌లో ఉద్యోగం, లక్షల్లో జీతం" అనే పోస్టర్లు పడినాయి.

మా అమ్మి చదివింది జీఎన్ఎం. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నైట్ డ్యూటీలు చేసేది. వాళ్ళమ్మ వేరే ఆస్పత్రిలో కాంట్రాక్టు కింద వార్డులు తుడుస్తాది. నాయన చెనక్కాయ చేన్లలో కూలి. వాళ్ళ అబ్బ కాలం వరకు ఊరికి చెప్పులు, కపిల బానలు కుట్టిన ఇల్లు అది. పోస్టరు చూసి ఆ అమ్మి కోచింగ్ సెంటరుకు పోయింది. ఆ సెంటరు పేరు అడగొద్దండి. ఒక్క సెంటరు గొడవ అయితే పేరు పెట్టే రాసేవాడిని.

మొదటి నెలలో పిల్లలను రెండు బ్యాచీలు చేసినారు. ఒకటి హోటల్, ఫుడ్ ఫ్యాక్టరీ వైపు. రెండోది 'కైగో', అంటే ముసలోళ్ళ సంరక్షణ. స్నానం చేయించడం, తినిపించడం, దొడ్డికి తీసుకుపోవడం, డైపర్లు మార్చడం. నర్సింగ్ చదివినోళ్ళు కైగోలోకి పోతే అర్థముంది. కానీ బీకాం చదివిన పిల్లోడు, ఐటీఐ ఫిట్టర్ చేసిన పిల్లోడు కూడా అందులోకే పోయినారు. ఎవరెవరు ఎక్కడ పడినారని మా అమ్మి లెక్క చూసుకునింది. పన్నెండు మంది కైగో బ్యాచీలో పదిమందిది ఒకటే రకం అడ్రసు.

ఆ అడ్రసు ఏందో చిత్తూరు జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. బయటోళ్ళకు చెప్తాను. మా దగ్గర ఊరి పేరు చివర రెండు మూడు ఇంగ్లీషు అక్షరాలు తగిలిస్తారు. హెచ్.డబ్ల్యు. అంటే హరిజనవాడ. ఎ.ఎ.డబ్ల్యు. అంటే ఆది ఆంధ్ర వాడ. రేషన్ కార్డులో, ఓటరు లిస్టులో, ఆధార్‌లో, బస్టాపు బోర్డు మీద కూడా. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్ళు కూడి 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అని ఆత్మగౌరవంతో పెట్టుకున్న పేరది. ఆ పేరును మూడు అక్షరాలకు కుదించి పిన్‌కోడు పక్కన అంటించినారు. గాంధీ ఇచ్చిన పేరునైతే వాడొద్దని కేంద్రం ఎప్పుడో చెప్పింది, అయినా అది హెచ్ అనే అక్షరం వెనకాల దాక్కొని బతుకుతానే ఉంది. పక్కనే తమిళనాడులో 2025లో 'కాలనీ' అనే మాట కూడా కులం గుర్తుగా మారిపోయిందని, ప్రభుత్వ రికార్డుల నుంచి తీసేస్తామని స్టాలిన్ అసెంబ్లీలో చెప్పినాడు. మన వైపు ఆ చర్చే లేదు.

మా అమ్మి ధైర్యం చేసి సార్‌ను అడిగింది. "నేను నర్సింగ్ సార్, సరే. వీళ్ళనెందుకు కైగోలో ఏసినారు?" ఆయన కోపం కూడా తెచ్చుకోలేదంట. ప్రేమగానే చెప్పినాడంట: "అదేం లేదమ్మా, అవతల బ్యాచీ వాళ్ళు డైపర్లంటే వాంతి చేసుకుంటారు. మీవాళ్ళకు అలవాటే కదా."

ఆ మాట నాకు ఫోనులో చెప్పేటప్పుడు ఆ అమ్మి ఏడవలేదు. "అన్నా, నా ఆధార్ అడ్రసు మార్పించల్ల. ఎంత అవుతాది?" అనింది.

నేనేం చేయాల? ఇరవై ఏళ్ళుగా "పేరు దాచొద్దు, వాడ దాచొద్దు, తలెత్తుకోని చెప్పు" అని మీటింగుల్లో గొంతు చించుకున్నోణ్ణి. అదే మాట ఆమెకూ చెప్పినాను. ఆ అమ్మి విని, "నువ్వు మైకు ముందర చెప్తావన్నా. నేను టేబుల్‌కు ఇవతల కూచోని చెప్పల్ల" అనింది. నా దగ్గర జవాబు లేదు. తిరుపతిలో వాళ్ళ పిన్నమ్మ అద్దెకుండే ఇంటి కాగితాలు పట్టుకోని ఇద్దరం ఆధార్ సెంటరుకు పోయినాం. పాస్‌పోర్టు చివరి పేజీలో అడ్రసు అచ్చవుతాది కాబట్టి ముందు ఆధార్, తర్వాత పాస్‌పోర్టు. ఆ రోజు క్యూలో నిలబడినప్పుడు నాకు తెలిసినోడు ఎవడన్నా ఎదురుపడతాడేమోనని తల దించుకోనే ఉన్నాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. తిట్టేవాళ్ళు తిట్టండి.

క్యూలో టైము పోక ఆ అమ్మికి ఒక కథ చెప్పినాను. కథ కాదు, చరిత్ర. మన స్టడీ సర్కిల్లో పాత సభ్యులకు తెలుసు, కొత్తోళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నా.

జపాన్‌లో కులం లేదనుకుంటారు. బురాకు ప్రజలు అని ఉన్నారు. రంగు అదే, భాష అదే, మతం అదే, మొహం చూస్తే తేడా తెలీదు. పాతకాలంలో చచ్చిన పశువులను తీసినోళ్ళు, తోళ్ళు ఊనినోళ్ళు, ఉరితీత పనులు చేసినోళ్ళు. ఊరికి దూరంగా వేరే వాడల్లో పెట్టినారు. 1871లో ప్రభుత్వం ఆ నీచపు పేర్లను రద్దు చేస్తా ప్రకటన ఇచ్చింది. పేర్లు పోయినాయి, వాడలు పోలేదు. 1922 మార్చి 3న క్యోటోలో వాళ్ళు 'సుయిహేషా' అనే సంఘం పెట్టుకున్నారు. నీటిమట్టం ఎట్లా సమంగా ఉంటాదో అట్లా మనుషులందరూ సమం అని ఆ పేరు. మనకు మహాడ్ చెరువు 1927. అయిదేళ్ళ ముందే వాళ్ళు కూడా నీళ్ళనే పట్టుకున్నారు చూడండి.

1975లో ఏం బయటపడిందంటే, ఒక పుస్తకం. దేశంలో ఉన్న బురాకు వాడలన్నిటి పేర్లు, ఎక్కడుంది, ఎన్ని ఇండ్లున్నాయి, అక్కడోళ్ళు చేసే పనేంది, అన్నీ వరసగా అచ్చేసిన పుస్తకం. డిటెక్టివ్ ఏజెన్సీలోళ్ళు తయారుచేసి రహస్యంగా అమ్మినారు. కొన్నది ఎవరనుకుంటున్నారు? కంపెనీలు. పేరున్న పెద్ద కంపెనీలతో సహా రెండు వందలకు పైగా కంపెనీలు. ఎందుకంటే, ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టినోడి సొంతూరు చూసి, పుస్తకంలో ఉందా లేదా వెతికి, ఉంటే పక్కన పెట్టేయడానికి. మొహం చూస్తే తెలియని మనిషిని అడ్రసుతో పట్టుకోవడానికి.

ఆ అమ్మి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ కూడా మాదిగోళ్ళున్నారా అన్నా?" అనింది.

బురాకు సంఘాలు కొట్లాడినాయి. దానివల్ల అక్కడి కార్మిక శాఖ కంపెనీలకు నియమం పెట్టింది. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పని, ఇంటి పరిస్థితి, మతం అడగకూడదు. మనిషికి పని వచ్చా రాదా, అదే చూడాల. అయినా జబ్బు పోలేదు. ఇంటర్నెట్ వచ్చినాక పాత వాడల లిస్టును మళ్ళీ అందరికీ కనబడేలా పెట్టినారు. దాని మీద కోర్టుకు పోతే 2023లో టోక్యో హైకోర్టు, వివక్షకు గురికాకుండా ఉండే హక్కు మనిషికి ఉందని చెప్పింది. నూరేండ్లకు పైబడిన పోరాటం అది. 1988లో ఈ బురాకు సంఘాల చొరవతోనే టోక్యోలో ఇమాదర్ అనే అంతర్జాతీయ సంస్థ పుట్టింది. మన దళితుల గురించి ఐక్యరాజ్యసమితిలో మాట్లాడే గొంతుల్లో అదొకటి.

ఇంత కొట్లాడి తెచ్చుకున్న నియమం సముద్రం దాటి తిరుపతికి రాలేదు. ఇక్కడి సెంటరులో ఏజెంటు ఇచ్చిన బయోడేటా ఫారం నేను చూసినాను. తండ్రి పేరు, తండ్రి పని, తల్లి పని, అన్నదమ్ములెంతమంది, వాళ్ళేం చేస్తారు, మతం, సొంత ఇల్లా అద్దె ఇల్లా. టోక్యోలో టోక్యో పిల్లను అడగకూడనివన్నీ తిరుపతిలో మన పిల్లను అడుగుతున్నారు. సెంటరులో సార్ సలహా ఏందంటే, నాయన 'ఫార్మర్', అమ్మ 'హౌస్‌వైఫ్' అని రాయమని. భూమి లేని ఫార్మర్, రోజుకు మూడు వార్డులు తుడిచే హౌస్‌వైఫ్!

ఆ సెంటరులో ఆమె ఎక్కువ రోజులు ఉండలేదు. కులం కంటే ముందు దుడ్ల దగ్గర చెడింది. మొత్తం నాలుగు లక్షలన్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకున్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి గట్టిగా చెప్తున్నా, పొయ్యే ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోండి. మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. ఏజెంటు రిజిస్టరయినాడో లేదో ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ సైటులో చూసుకోవచ్చు. భాష నేర్పినందుకు ఫీజు వేరే లెక్క, దానికి వేరే రసీదు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇయ్యొద్దు, జిరాక్సు చాలు. ఆ అమ్మి జీఎన్ఎం సర్టిఫికెట్టు వెనక్కి రప్పించడానికి మాకు పదకొండు రోజులు, ఆరుగురు మనుషులు, ఒక తెల్లకాగితం మీద పోలీస్ స్టేషన్‌కు రాసిన అర్జీ పట్టింది. అర్జీ ఇయ్యక్కర్లేకపోయింది, చూపిస్తే చాలింది.

వీసా సంగతి కూడా చెప్పేస్తాను. జపాన్ భాష పరీక్ష పాసు కావాల, జెఎల్‌పిటిలో ఎన్4 గానీ జెఎఫ్‌టి బేసిక్ గానీ. కైగోకు అయితే ఆ పని పరీక్ష ఒకటి, కైగోలో వాడే భాష పరీక్ష ఇంకొకటి. డిగ్రీ అక్కర్లేదు. అయిదేళ్ళు ఉండొచ్చు, కుటుంబాన్ని తీసుకుపోకూడదు. జీతం అదే పని చేసే జపాన్ వాళ్ళకు తగ్గకూడదు. అదే రంగంలో ఇంకో యజమాని దగ్గరికి మారొచ్చు. ఈ చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే 1993 నుంచి నడుస్తున్న 'టెక్నికల్ ఇంటర్న్' పథకంలో మారే వీలు దాదాపు లేదు. యజమాని కొట్టినా తిట్టినా ఓవర్‌టైం ఎగ్గొట్టినా పడి ఉండాల, లేదంటే పారిపోవాల. వియత్నాం పిల్లలు, చైనా పిల్లలు వేలమంది అట్లా పారిపోయినారు. జపాన్ పార్లమెంటు 2024లో దాన్ని ఎత్తేసే చట్టం చేసింది, 2027 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వస్తాది. కాబట్టి ఎవరైనా "జపాన్ ట్రెయినింగ్ వీసా" అంటే, ఏ వీసా అని రెండుసార్లు అడగండి. కైగోలో మూడేండ్ల అనుభవం, దానితోపాటు వాళ్ళు చెప్పిన శిక్షణ ఉంటే అక్కడి నేషనల్ పరీక్ష రాయొచ్చు. పాసయితే వేరే వీసా, కుటుంబాన్ని కూడా తీసుకుపోవచ్చు. అక్కడ ముసలోళ్ళ ఒళ్ళు తుడవడం లైసెన్సున్న వృత్తి.

మా చిన్నమ్మ కువైట్ పోయినప్పుడు ఎవరూ ఆమెకు ఒక్క అరబ్బీ ముక్క నేర్పలేదు. కద్దామాకు భాషెందుకు అనుకున్నారు. దిగిన రోజే పాస్‌పోర్టు కఫీల్ చేతిలోకి పోయింది. ఆ లెక్కన చూస్తే ఈ పరీక్షలు భారమే గానీ, పరీక్ష అంటే నిన్ను మనిషిగా లెక్కేసి మాట్లాడబోతున్నారని ఒక గుర్తు.

ఇంక భాష. ఈ అమ్మికి తోడుగా కూచోని నేను కూడా హిరగానా దిద్దినాను, నలభై అయిదేండ్ల వయసులో. కాంజీ నా వల్ల కాలేదు. కానీ వాక్యం మాత్రం మన వాక్యమే. "నేను అన్నం తింటా" అని మనమెట్లా అంటామో అదే వరస, క్రియ చివరికి వస్తాది, విభక్తి పదానికి వెనకే తగులుతాది. హిందీ, ఇంగ్లీషు దగ్గర దెబ్బతిన్న మన పిల్లలు ఇక్కడ లేచి నిలబడతారు. ఇంగ్లీషు మీడియం కాన్వెంటు పిల్లకు, వాడ బడిలో తెలుగు మీడియం చదివిన పిల్లకు ఇక్కడ గీత ఒకటే. ఇద్దరూ మొదటిరోజు 'అ, ఇ, ఉ' దగ్గరే మొదలు.

సెంటరు మారినాక కైగో పాఠాలు చెప్పింది ఒక టీచరమ్మ. జపాన్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చినామె. ఆమె నేర్పిన సంగతులు మా అమ్మి రాత్రిపూట ఫోన్లో నాకు అప్పజెప్పేది. పక్షవాతం వచ్చిన మనిషికి చొక్కా విప్పేటప్పుడు బాగున్న చేతి నుంచి విప్పాల, తొడిగేటప్పుడు పడిపోయిన చేతి నుంచి తొడగాల. నడిపించేటప్పుడు పడిపోయిన వైపే, అడుగు వెనక నిలబడాల. స్నానానికి నీళ్ళు పోసేముందు మొదట నీ చేతి మీద పోసుకోని చూడాల, తర్వాత వాళ్ళ కాళ్ళ దగ్గర మొదలుపెట్టాల. డైపర్ మార్చేటప్పుడు తెర వేయాల, ఒంటి మీద గుడ్డ కప్పాల, డైపర్ అనే మాట పదిమందికి వినబడేలా అనకూడదు. ప్రతి పనికీ ముందు చెప్పాల, "ఇప్పుడు మిమ్మల్ని ఇటు తిప్పుతాను" అని. ముట్టుకునేముందు "షిత్సురే షిమస్" అనాల. మర్యాద తప్పుతున్నాను, ఏమనుకోకండి అని అర్థం.

ఒక ఆదివారం వాళ్ళింట్లో సంగటి తింటా కూచోనుంటే, ఆ అమ్మి వాళ్ళమ్మను మంచం మీద పడుకోబెట్టి ఇదంతా చేసి చూపించింది. వాళ్ళమ్మ నవ్వుతా నవ్వుతా ఉన్నట్టుండి అడిగింది: "పాపా, ఆ ముసలోళ్ళు మనల్ని ముట్టుకోనిస్తారా?"

నేను సంగటి ముద్ద పట్టుకోని అట్లే ఉండిపోయినా. ఇరవై రెండేండ్లుగా వార్డుల్లో పనిచేస్తున్న మనిషి. రోగుల రక్తం, ఉచ్చ, కక్కు అన్నీ ఆ చేతులతో తీసిన మనిషి. వాళ్ళు వదిలిందాన్ని ముట్టుకునింది గానీ వాళ్ళను ముట్టుకోలేదు. ముట్టుకోవడం నర్సు పని. ఆమెను పేరు పెట్టి పిలిచినోళ్ళు కూడా తక్కువ. "ఏయ్ ఆయమ్మా, ఇటు రా." అక్కడ జీవోలు, కాంట్రాక్టర్లు మారినారు గానీ ఆ 'ఏయ్' మారలేదు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. బయోడేటా మళ్ళీ రాయాల్సి వచ్చినప్పుడు కొత్త ఏజెంటు కూడా 'హౌస్‌వైఫ్' అనే అన్నాడు. ఆ అమ్మి ఒప్పుకోలేదు. అడ్రసు మార్చిన పిల్లే, అమ్మ పని మాత్రం మార్చనంది. ఎందుకు అని నేను అడగలేదు. తల్లి పని అనే గడిలో జపాన్ అక్షరాల్లో 'ఆస్పత్రిలో సెయిసో' అని రాసింది. శ్రీసిటీ లైన్లో మూడో ఎస్ అదే కదా.

అవతల ముగ్గురు కూచున్నారు, మధ్యలో పెద్దామె. ఆ వృద్ధాశ్రమం నడిపేది ఆమే. అడిగినవి నాలుగే ప్రశ్నలు. ఎందుకు కైగో, రాత్రి డ్యూటీ చేయగలవా, చలికి తట్టుకుంటావా, నాలుగోది అమ్మ గురించి. ఎన్నేళ్ళుగా చేస్తున్నారని అడిగింది. ఇరవై రెండు అని చెప్పింది. ఆమె కొంచెం తల వంచి, "అమ్మగారికి ఒత్సుకరేసామ అని చెప్పండి" అనింది. డ్యూటీ దిగేటప్పుడు తోటి పనివాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకునే మాటది. అలసిపోయినారు, మీ కష్టానికి దండం, ఆ రెండూ కలిసిన మాట. రాత్రి వాళ్ళమ్మకు చెప్తే, "నన్నెందుకు అడిగిందబ్బా?" అని భయపడింది.

జపాన్ వాళ్ళంతా దేవుళ్ళని చెప్పడం లేదు. ఆ పుస్తకం అచ్చేసి అమ్మినోళ్ళూ జపాన్ వాళ్ళే. ఆ పెద్దామె కూడా అమ్మ పని అడగకూడదు, వాళ్ళ నియమం ప్రకారమే. అడిగింది, కానీ దించడానికి అడగలేదు. ఆ తేడా కులంలో పుట్టినోళ్ళకు చెవి దగ్గరే తెలుస్తాది.

ఇంకొక సంగతి. మా వైపు, తమిళనాడు గాలి తగిలిన ఊర్లలో, మనోళ్ళు ఇంటిపేరు పెద్దగా వాడరు. నాయన పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ ఉంటే తర్వాత తిప్పలని నాయన పేరునే అక్కడ నింపించినాం. జపాన్‌లో మనిషిని సొంత పేరుతో పిలవరు, సర్‌నేమ్‌కు 'సాన్' చేర్చి పిలుస్తారు, గారు అన్నట్టు. అంటే అక్కడ ఆ పిల్లను రోజంతా పిలిచేది వాళ్ళ నాయన పేరుతో. ఆ పేరుకు ఊర్లో పిల్లకాయలు కూడా 'గాడు' తగిలించే పిలిచినారు, ఆయనకు యాభై దాటినా సరే. మొదటి రోజు డ్యూటీలో కతకానాలో అచ్చేసిన నేమ్‌బ్యాడ్జి ఫోటో తీసి పంపించింది. నేనది కూడబలుక్కోని చదివి, ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, నీ పేరుకు గారు పెట్టి పిలుస్తున్నారంట జపాన్‌లో" అన్నాను. "ఎవుర్ని?" అన్నాడు. నిన్నే అంటే అర్థం కాలేదు. మళ్ళీ చెప్తే కాసేపు ఊరుకోని, "జీతం ఎప్పుడేస్తారంట?" అన్నాడు.

జీతం వేసినారు. అద్దె, ఇన్సూరెన్సు, పన్ను పోను మిగిలింది పోస్టరులో ఉన్నంత లేదు. తిరుపతిలో వచ్చినదానికి మాత్రం ఎన్నో రెట్లు. అప్పు తీరడానికి ఏడాది పడతాది.

మన డిమాండు కూడా ఒకటి రాసి పెడుతున్నా, విద్యార్థి సంఘాల మిత్రులు చూడండి. అంబేడ్కర్ పేరు మీద విదేశీ విద్యా నిధి ఉంది, అది పై చదువులకు పొయ్యేవాళ్ళకు. ఇట్లా పనికి పొయ్యే పిల్లలకు కూడా సాయం కావాల. మన రాష్ట్రంలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలున్నాయి. ఏజెంటు మొహం చూసేముందు వాటి నోటిఫికేషన్లు చూడండి. ఎస్సీ హాస్టళ్ళలో సాయంత్రం గంటసేపు జపాన్ భాష, జర్మన్ భాష చెప్పించడానికి పెద్ద బడ్జెట్టు అక్కర్లేదు. కలెక్టరేటులో గ్రీవెన్సు రోజు అర్జీ ఇద్దాం, వచ్చేవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి.

ఇదంతా రాసి పోస్టు చేద్దామనుకున్న రోజు ఆ అమ్మి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ ఆశ్రమంలో ఆమెతో పాటు ఫిలిప్పీన్స్, మయన్మార్ పిల్లలున్నారు. మొన్న ఒక తెలుగమ్మాయి కొత్తగా వచ్చిందంట, కోస్తా వైపు నుంచి. తెలుగు వినబడగానే ప్రాణం లేచొచ్చిందంట ఇద్దరికీ. చింతకాయ పచ్చడి పంచుకున్నారు, రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నారు. పడుకునేముందు ఆ అమ్మాయి అడిగిందంట: "మీది తిరుపతి కదా, తిరుపతేనా? సొంతూరు ఏది? ఊర్లో ఏ వైపు మీ ఇల్లు?"

నేను వెంటనే ఫోన్ చేసినా. ఏం చెప్పినావమ్మీ అన్నా.

"ఇంకా చెప్పలేదన్నా. నిద్దరొస్తాంది, రేపు చెప్తానన్నా. ఇప్పుడు డ్యూటీకి పోతాండా, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.